కంచె అవతలి తెల్లరాయి

అమెరికా దక్షిణాదిలోని హికరీ ఫోర్కు ఊళ్లో చావంటే ఎవరికీ పెద్దగా భయం లేదు, పైన దేవుడున్నాడు, కింద వెండెల్ ఉన్నాడు అని జనం నవ్వుకునేవాళ్లు. దేవుడి సంగతి ఎలా ఉన్నా వెండెల్ స్టాల్‌కప్ పనితనం మాత్రం కళ్లకు కనబడేది. బాప్టిస్టు చర్చి వెనక సమాధుల తోటలో అతను గడ్డి కోశాడంటే నూనె రాసి పాపిడి తీసినట్టుండేది. గడ్డికోత బండి ఎక్కి ఒక చాలు అటు, ఒక చాలు ఇటు. రాళ్ల మొదళ్ల దగ్గర బండి పోని చోట మోకాళ్ల మీద కూర్చుని కత్తెరతో కత్తిరించేవాడు.

కుర్చీల కార్ఖానా మూతపడేదాకా అతను అందులో కుర్చీకాళ్లు నున్నగా చేసే పనిలో ఉండేవాడు. గరుకుగా ఏది తగిలినా అతనికి గిట్టదు. భోజనాల బల్ల మీద వేలితో రాసి చూసే రకం. ఈ నీటుపిచ్చి వల్ల భార్య ఇమోజీన్ పడ్డ బాధలు ఆమె సరదాగా చెప్పేది, జనం సరదాగా వినేవాళ్లు. అదే పిచ్చి ఒకనాడు అతని చేత ఏం చేయించిందో ఇమోజీన్‌కు ఒక్కదానికే తెలుసు. ఆమె ఇప్పుడు ఆ తోటలోనే ఉంది. నల్లరాతి మీద ఆమె పేరు, పక్కనే వెండెల్ పేరు, పుట్టిన ఏడాది, ఒక గీత, ఆ తర్వాత ఖాళీ. ఆ ఖాళీ చుట్టూ కూడా అతనే గడ్డి కత్తిరించుకుంటాడు.

తోటకు వెనకవైపు ఇనుప కంచె ఉంది. కంచె దాటితే అడవి అంచుదాకా పలకలాంటి నేల ముక్క ఒకటి. నేల మీద పాకే నీలం పూల తీగ, మధ్యమధ్య కత్తుల్లాంటి ఆకుల మొక్కలు. ఆదివారాల్లో కార్లు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదని, ఆ పలక చదును చేసి తారు పోయిద్దామని చర్చి పెద్దల్లో ఒకడైన డీకన్ రస్కో మెబేన్ ప్రతిపాదించాడు. బాప్టిస్టులకు పైనుంచి చెప్పే బిషప్పులుండరు. ఏదైనా సరే సంఘమంతా కూర్చుని చేతులెత్తి తేల్చుకోవాల్సిందే. జూన్ మొదటి ఆదివారం సభ అని పాస్టరు ప్రకటించాడు.

కబురు వాగు కింది చర్చికి చేరింది. అది నల్లవాళ్ల చర్చి. వాళ్ల పెద్దలు ఒకప్పుడు ఈ పై చర్చిలోనే, యజమానులు కింద కూర్చుంటే పై అటక మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నవాళ్లు. బానిసత్వం నుంచి విడుదల వచ్చాక దిగువకు వెళ్లి తమ చర్చి తాము కట్టుకున్నారు. వెళ్తూ వెళ్తూ చచ్చినవాళ్లను మోసుకుపోలేరు గదా. కంచె అవతల తమవాళ్లున్నారని కింది చర్చి ముసలమ్మలు ఎప్పుడూ అంటూనే ఉన్నారు. వినేవాళ్లే లేరు.

ఈసారి వెర్లీన్ టిన్స్‌లీ ఊరుకోలేదు. ఆమె జిల్లా ఆసుపత్రిలో నర్సుగా చేసి దిగిపోయిన మనిషి. ఇమోజీన్ ఆఖరి రోజుల్లో రోజూ ఇంటికొచ్చి, పక్క మార్చి, ఒళ్లు తుడిచి, చివరి శ్వాసదాకా చెయ్యి పట్టుకు కూర్చున్నది ఆమే. వెర్లీన్ విశ్వవిద్యాలయానికి ఫోన్ చేసి టెస్ హెండ్రిక్ అనే చరిత్ర పంతులమ్మను రప్పించింది. బానిసల సమాధులు ఎక్కడెక్కడున్నాయో వెతకడమే టెస్ పని. నేలలోకి తొంగిచూసే రాడార్ యంత్రం ఒకటి, పసిపిల్లల తోపుడుబండిలా చక్రాల మీద నెట్టుకుంటూ వచ్చింది.

యంత్రం నడవాలంటే గడ్డి పొట్టిగా ఉండాలట. వెండెల్ చేతే కోయించారు. కోసి, బండి ఆపి, అతను కంచె పట్టుకు నిలబడ్డాడు. టెస్ ఆ తీగను, కత్తుల మొక్కలను చూపించి, ఇవి వాటంతట అవి రావు, సమాధి తల దగ్గర, కాళ్ల దగ్గర ఎవరో నాటితేనే వస్తాయి అని చెబుతోంది. వెర్లీన్ కర్ర ఊతంతో మెల్లగా వెండెల్ దగ్గరకు వచ్చింది.

"వెండెల్, నువ్వు ఈ గడ్డి కోస్తూ కోస్తూనే ముసలాడివయ్యావు. ఈ పలకలో నిలబెట్టిన రాళ్లేమైనా ఎప్పుడైనా చూశావా?"

అడిగింది ఇమోజీన్ ఒళ్లు తుడిచిన ఆ చేతులు గల మనిషి. వెండెల్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"లేదండీ, మిస్ వెర్లీన్. నాకు గుర్తున్నంతలో ఏమీ లేవు."

"నీకు తెలీకపోతే ఇంకెవరికీ తెలీదులే," అంది ఆమె. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, నమ్మకమే ఉంది. అందుకే అది లోతుగా గుచ్చుకుంది.

అతనికి గుర్తులేక కాదు, మరిచిపోతేగా. ఇమోజీన్, అతనూ ఇంకా పడుచుగానే ఉన్నప్పుడు, ఒక మే నెలలో జరిగింది. సమాధుల అలంకరణ ఆదివారం దగ్గరకొచ్చింది. ఆ రోజున ఎక్కడెక్కడి కుటుంబాలూ దిగుతాయి. తమవాళ్ల సమాధులు కడిగి, పూలు పెట్టి, చెట్ల కింద బల్లలేసి వేయించిన కోడి, బీన్సు, అరటిపండు పుడ్డింగు పెట్టుకుని తింటాయి. ఎవరి రాయి మీదైనా నాచు కనబడితే ఏడాదంతా చెప్పుకుంటారు. ఆ ఏడాదే చర్చి వెండెల్‌కు కూర్చుని నడిపే కొత్త కోతబండి కొనిపెట్టింది. కంచె అవతల కూడా కాస్త నీటుగా కనబడితే బాగుంటుందని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఇప్పుడు అనవసరం. అక్కడికి వెళ్లగానే కొత్త బ్లేడు రాతికి తగిలి ఖంగుమంది. ఇంకో చాలు, ఇంకో రాయి. మోకాలెత్తు కూడా లేని రాళ్లు, పేరు లేదు, ఊరు లేదు, గడ్డిలో తలలు మాత్రం బయటపెట్టుకుని నిలబడి ఉన్నాయి.

అవి ఏమిటో అతనికి తెలియదా అంటే తెలుసు. చిన్నప్పుడు అటు పరిగెత్తితే వాళ్ల నాన్న చెవి మెలిపెట్టి వెనక్కి లాగాడు, అక్కడ జనం పడుకున్నార్రా అని. తెలిసీ తెలియనట్టు ఉండడం మనిషికి పుట్టుకతో వచ్చే విద్య. వెండెల్ ఆ రోజు దాన్ని బాగా వాడుకున్నాడు. ట్రాక్టరు తెచ్చి, ఒక్కొక్కటే పెకలించి, తొట్టిలో వేసుకుని ఇంటికి పట్టుకుపోయాడు. మర్నాడు పలక నున్నగా బల్లలా తయారైంది. అలంకరణ ఆదివారం నాడు రస్కో వాళ్ల నాన్న భుజం తట్టి మెచ్చుకున్నాడు కూడా.

ఇంటి ముందు రాళ్లు దించుతుంటే ఇమోజీన్ వచ్చి చూసింది. ఒకదాన్ని తిరగేసి, ఇది సగం ఒక రంగు, సగం ఒక రంగు ఉందేమిటి, ఎవరో పాతినట్టున్నారే అంది. రాయి రాయే, నీ పూలమడికి గట్టు కావాలన్నావుగా అన్నాడు వెండెల్. ఆమె వాటిని ఐరిస్ పూల మడి చుట్టూ వరసగా పేర్చింది. ఆ తర్వాత ప్రతి అలంకరణ ఆదివారం తన అమ్మా నాన్నల సమాధులకు పూలు పెట్టాక, మిగిలిన ఒక కట్ట ఐరిస్‌లు కంచె అవతలికి జారవిడిచేది. మిగిలినవి పారేస్తోందనుకున్నాడు వెండెల్. అనుకున్నానని తనకు తాను చెప్పుకున్నాడు.

రాడార్ ఫలితాలు చెప్పడానికి టెస్ బుధవారం సాయంత్రం చర్చి భోజనాల హాలుకు వచ్చింది. వెర్లీన్, కింది చర్చివాళ్లు కొందరు కూడా వచ్చారు. మొదట తిండి, తర్వాత మాట, అది అక్కడి పద్ధతి. తెరమీద నేల లోపలి మచ్చలు చూపించి, ఇవి మనిషిని పాతే గుంతలంత పొడవున్నాయి, తూర్పు పడమరలుగా వరసల్లో ఉన్నాయి, కానీ చెట్ల వేళ్లు కూడా కలిసిపోయాయి గనక ఇంతకన్నా గట్టిగా చెప్పలేను అని ఒప్పుకుంది టెస్. నిజాయితీ గల మనిషి, అందుకే అవతలివాళ్లకు పని తేలికైంది.

రస్కో లేచి చర్చి శతజయంతికి అచ్చువేసిన పాత పుస్తకం చేతబట్టుకున్నాడు. బానిసలను వాళ్ల వాళ్ల యజమానుల పొలాల్లోనే పాతిపెట్టేవారని అందులో రాసి ఉంది. అది కాగితం. ముసలమ్మలు చెప్పింది ఒట్టి మాట. నాయనమ్మలు చెప్పిందల్లా చరిత్రయితే మా నాయనమ్మ చూసిన దయ్యాలన్నీ చరిత్రే అన్నాడు. హాలు నవ్వింది.

టెస్ కూడా నవ్వి, ఈ గొడవ మా చరిత్రవాళ్లలోనే ఉందండీ అంది. ఒకరేమో కాగితం లేనిదే నమ్మొద్దంటారట, నోటి మాట ఒక్కో నోట్లో ఒక్కో వంకర తిరుగుతుందంటారట. ఇంకొకరేమో, బానిసలకు చదువు నేర్పితేనే శిక్ష వేసిన రోజుల్లో వీళ్లు కాగితం ఎక్కడ రాస్తారు, కాగితం మీద లేని మనిషి మనిషి కాకుండా పోతాడా అంటారట. "నేను రెండోవాళ్ల వైపు. అయినా నోటి మాటను నేల దగ్గరికి తీసుకెళ్లి చూడందే సంతకం పెట్టను. పాతిన రాయి ఒక్కటి దొరికితే చాలు, ఇంక వాదనే ఉండదు. సమాధులని తేలితే అక్కడ గునపం దించడానికి వీల్లేదు."

ఎప్పుడో జరిగినదానికి మమ్మల్నెందుకు నిలదీస్తారు, మేమెవరినీ బానిసలుగా పెట్టుకోలేదు, మేమేం చేశామని ఒకావిడ వెనక నుంచి అంది. చాలామంది తలలూపారు. ఆ మాట అనే హక్కు ఆ గదిలో ఆ తెల్లవాళ్లందరికీ ఉందేమో గాని వెండెల్‌కు లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అతను చేతులు బల్ల కింద దాచుకున్నాడు. ముందున్న పుడ్డింగు కరిగి కారిపోతోంది.

అప్పుడు వెర్లీన్ లేచింది. రస్కోను కోప్పడలేదు, నవ్వినవాళ్లను చూడను కూడా లేదు.

"దయ్యాల సంగతి నాకు తెలీదు రస్కో. నేను చెప్పేది ఫిలిస్ గురించి. మా నాయనమ్మకి అమ్మమ్మ. ఆవిడ పోతే కూతురు వాగులోంచి తెల్లరాయి ఒకటి ఎత్తుకొచ్చి తల దగ్గర పాతింది. మిగతావన్నీ బూడిద రంగువి, అదొక్కటే తెలుపు. దానికి ఒక పక్క పగిలి, భుజం వాలిన మనిషిలా ఉండేదట. చిన్నప్పుడు మా నాయనమ్మ దాని మీద చెయ్యేసి నిలబడేది. కంచె వేశాక ఇంక రానివ్వలేదు. అంతే నాకు తెలిసింది."

వెండెల్ ఇంటికెలా వచ్చాడో అతనికే తెలియదు. రోజూలాగే వరండా మెట్ల దగ్గర ఆగి, బూటు మట్టి గీకుదామని కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు అలాగే ఉండిపోయింది. మెట్టు పక్కన తెల్లరాయి. ఒక భుజం వాలింది. అందంగా ఉందని ఇమోజీన్ దాన్ని మడి దగ్గర కాకుండా మెట్ల పక్కన పెట్టింది. పగిలిన పక్క పదునుగా ఉంటుంది గనక మట్టి బాగా ఊడుతుందని వెండెల్ కనిపెట్టాడు. నీటు మనిషి కదా, మట్టికాళ్లతో ఇంట్లోకి రాడు. అప్పట్నుంచి ఏ సాయంత్రం ఇల్లు చేరినా దానికి బూటు రాయకుండా లోపలికి పోయింది లేదు. రాతి అంచు అరిగి ఉంది. ఎర్రమట్టి దాని పగుళ్లలో గట్టిపడి ఉంది.

అతను మెట్టు మీద కూలబడ్డాడు. తన భార్యను తుడిచిన వెర్లీన్ చేతులు, తను బూట్లు రాసిన ఈ రాయి, రెండూ ఒకేసారి కళ్లముందుకు వచ్చాయి. బకెట్టు తెచ్చి, ఇమోజీన్ గిన్నెలు తోమే కుంచెతో రాయిని కడగడం మొదలుపెట్టాడు. పై మట్టి పోయింది. పగుళ్లలోది పోలేదు.

మిగిలిన వారమంతా తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రాళ్లు వాగులో పడేస్తే ఆ సంగతీ తీరిపోతుంది. ఒక సాయంత్రం ట్రాక్టరు తాళం చేతిలోకి తీసుకుని, మళ్లీ మేకుకు తగిలించాడు కూడా. శనివారం ఇమోజీన్ సమాధి దగ్గర కూర్చున్నాడు. ఆమె కంచె అవతలికి పూలు విసిరిన చోటు అక్కడికి కనబడుతుంది. నువ్వు పారేయలేదు కదూ అని అడిగాడు. అడగాల్సినప్పుడు అడగలేదు, ఇప్పుడు అడిగి లాభం లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు సభ మొదలుపెట్టాడు. రస్కో ప్రతిపాదన చదివాడు, ఎవరో బలపరిచారు. చర్చ ఏమైనా ఉందా అని పాస్టరు అలవాటుగా అడిగి, అలవాటుగా చేతులెత్తమనబోయాడు. వెండెల్ లేచాడు. పుట్టి బుద్ధెరిగాక అతను సభలో నోరు తెరవడం అదే మొదలు.

"ఆ పలకలో రాళ్లుండేవి. నేనే పీకాను. మా ఇంటి ముందున్నాయి."

రస్కో చెడ్డవాడు కాడు, పైగా వెండెల్ అంటే ఇష్టమున్నవాడు. మెల్లగా, తప్పించుకునే దారి చూపిస్తున్నట్టు, "కూర్చో బ్రదర్ వెండెల్. అవి పొలం రాళ్లయి ఉంటాయిలే," అన్నాడు.

"పొలం రాళ్లు వరసగా నిలబడి ఉండవు, రస్కో. అవేంటో తెలిసే పీకాను. మిస్ వెర్లీన్ అడిగితే లేవని అబద్ధమాడాను."

చేతులెత్తమంటే కొన్ని లేచాయి, ఎక్కువ లేవలేదు. తారు సంగతి అక్కడితో ఆగిపోయింది. బయటకొస్తుంటే కొందరు అతని పక్కనుంచి మాట్లాడకుండా వెళ్లిపోయారు. దాన్ని అతను తట్టుకున్నాడు. ఒకాయన చెయ్యి పట్టుకుని, ఎంత ధైర్యం కావాలి నిజం చెప్పడానికి అని మెచ్చుకున్నాడు. దాన్ని తట్టుకోలేక చెయ్యి లాక్కున్నాడు.

అక్కడినుంచి నేరుగా వెర్లీన్ ఇంటికి వెళ్లాడు. ఆమె వరండాలో కూర్చుని బీన్సు ఒలుస్తోంది. కబురు ముందే వచ్చిందని ముఖం చూస్తేనే తెలిసింది. వెండెల్ మెట్టు కిందే నిలబడి మొదటినుంచీ చెప్పాడు. ట్రాక్టరు, పూలమడి, తెల్లరాయి. బూట్ల సంగతి చెప్పకపోయినా సరిపోయేది. అదీ చెప్పాడు.

ఆమె చేతిలో బీన్సు చేతిలోనే ఉండిపోయింది. "నేను నీ ఇంటికి వచ్చినన్నాళ్లూ ఆ మెట్లే ఎక్కాను కదా," అంది.

"అవునండీ."

"దాని పక్కనుంచే."

"అవును, మిస్ వెర్లీన్."

క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూ వచ్చాడు. ఆ రెండు మాటల తర్వాత అడగలేదు. ఆమె కూడా ఏడవలేదు, తిట్టలేదు. శనివారం పొద్దున రాయి పట్టుకుని కంచె దగ్గరికి రమ్మంది. మిగతావి తర్వాత చూద్దాం, ముందు దాన్ని పెట్టాలి అంది.

శనివారం మబ్బు పట్టి ఉంది. అవతల టెస్ తీగను తొక్కకుండా నిలబడి ఉంది. కంచె తలుపు వెర్లీనే తీసింది. వెండెల్ తెల్లరాయిని రెండు చేతులా పొట్టకు ఆనించి ఎత్తుకొచ్చాడు. బరువైన రాయి. ఆ వయసులో ఒక్కడే ఎత్తకూడదు. సాయం పట్టడానికి టెస్ వస్తే వద్దన్నాడు.

"ఇంక చూపించు. ఎక్కడుండేది ఇది?" అంది వెర్లీన్.

వెండెల్ పలకంతా చూశాడు. ఎన్ని ఏళ్లు, ఎన్ని చాళ్లు ఈ నేల మీద తోలాడో. ఇందులో ప్రతి ఎత్తూ పల్లమూ బండి సీటు మీద ఒంటికి తెలుసు. తెల్లరాయి కంచె దగ్గరుందా, అడవి వైపుందా, మొదట పీకాడా, చివర పీకాడా? ఎంత తవ్వుకున్నా గుర్తొచ్చింది ఒక్కటే, బ్లేడు ఖంగుమన్న చప్పుడు. ఆ రోజు అతను రాళ్లను చూడలేదు. బ్లేడును చూసుకున్నాడు.

"తెలీదండీ," అన్నాడు. "నేను గుర్తు పెట్టుకోలేదు."

టెస్ ఏదో చెప్పబోయింది. మచ్చలన్నీ గీసి ఉంచాను, వరసలు తెలుసు, ఏదో ఒకదాని దగ్గర గౌరవంగా పెట్టొచ్చు అని. వెర్లీన్ చెయ్యెత్తి ఆపింది. ఆమె కళ్లు పలక మీదే ఉన్నాయి. నాయనమ్మ చెయ్యేసి నిలబడిన చోటు ఇందులోనే ఎక్కడో ఉంది, అది చెప్పగలిగిన ఒక్క రాయీ ఇప్పుడు ఒకడి చేతుల్లో ఉంది.

వెండెల్‌కు రాయి బరువు మించిపోతోంది. కాస్త దించుదామని కిందికి చూశాడు. కుడికాలి ముందు తీగ, ఎడమకాలి ముందు తీగ. అడుగు ఎక్కడ వేస్తే ఎవరి మీద పడుతుందో తెలియదు. పాపిడి తీసినట్టు కోసిన నేల మీద కాలు పెట్టడానికి చోటు కనబడలేదు.

"మిస్ వెర్లీన్, దీన్ని ఎక్కడ పెట్టమంటారు?"

ఆమె తిరిగి అతని ముఖంలోకి చూసింది. ఇమోజీన్ పక్కన కూర్చున్నప్పుడు ఎలా ఉండేదో గొంతు అలాగే ఉంది, మెత్తగా, తొందర లేకుండా.

"నాకూ తెలీదు వెండెల్. తెలిసేదాకా నువ్వే మొయ్యి."